అచ్చుకెక్కని మా మాట

తాండాలో ఇప్పుడు అచ్చుకాగితం లేని ఇల్లు లేదు. బియ్యం కార్డు ఉంటుంది, ఆధార్ ఉంటుంది, పొదుపు సంఘం పుస్తకం ఉంటుంది, శనక్కాయ విత్తనాలకు ఇచ్చిన రసీదు గోడకు గుచ్చి ఉంటుంది. బడికి పోయే బిడ్డ ఉంటే పాఠ్యపుస్తకాలు ఉంటాయి. పెళ్లి జరిగిన ఇంట్లో శుభలేఖ దాచి ఉంటుంది. ఇన్ని కాగితాల్లోనూ ఆ ఇంట్లో మాట్లాడుకునే మాట ఒక్కటి కూడా కనబడదు. అమ్మను యాడి అంటాం, నీళ్లను పాణి అంటాం, రొట్టెను బాటి అంటాం. మా పిల్లల నోట మొదట పలికే మాటలు ఇవి. బడికి వచ్చి పుస్తకం తెరిస్తే ఇవేవీ అందులో ఉండవు.

కంబదూరు మండలంలో పాఠాలు చెప్పే మేము కూడా సుగాలీలమే. లంబాడీలని, బంజారాలని బయటివాళ్లు అంటారు. మాలో మేము గోర్ అని చెప్పుకుంటాం. మా భాషకు లిపి లేదు కాబట్టి అచ్చు లేదు, అది అంతే అని మావాళ్లే చాలామంది సరిపెట్టుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మాకు ఒక ప్రశ్న వస్తుంది. లిపి ఉన్న తెలుగుకు మాత్రం అచ్చు తనంతట తాను వచ్చిందా? ఎవరు తెచ్చారు, ఎట్లా తెచ్చారు, తెచ్చేటప్పుడు ఏది నిలబడింది? ఇది తెలుసుకుంటే మన పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసం.

తెలుగు అక్షరాలు మొదట అచ్చయింది తెలుగునేల మీద కాదు, జర్మనీలోని హాలే అనే ఊళ్లో. బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు మద్రాసులో ఉండగా తెలుగు నేర్చుకున్నాడు. తన దేశానికి తిరిగిపోయాక తెలుగు అక్షరాలు పోతపోయించి, 1746, 1747 సంవత్సరాల్లో క్రైస్తవ మతానికి సంబంధించిన చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు.

ఆ కాలంలోనే మన జిల్లాలో ఏం జరుగుతోందో చూడండి. సేవాలాల్ మహరాజ్ గుత్తి దగ్గరి సేవాగడ్‌లో 1739లో పుట్టినాడని మనవాళ్ల నమ్మకం. అంటే హాలేలో తెలుగు అక్షరం సీసంలో పడేనాటికి సేవాలాల్ ఏడేళ్ల పిల్లవాడు. ఆయన మాటలు ఏ అచ్చులోనూ పడలేదు. పాటలై, ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయి, తాండా నుంచి తాండాకు నడిచి ఇన్నాళ్లూ బతికాయి. కాబట్టి అచ్చు లేకపోతే మాట చచ్చిపోతుందని మేము అనం. నోటికి ఉన్న బలం తక్కువది కాదు. అయితే ముసలివాళ్లూ పిల్లలూ ఒకచోట కూర్చున్నంత కాలమే ఆ బలం. ఇప్పుడు వానలు తప్పి, బోర్లు ఎండి, తల్లిదండ్రులు బెంగళూరుకు కూలికి పోతున్నారు. కొందరు పిల్లలను వెంటబెట్టుకొని పోతారు. పాట చెప్పే అవ్వ తాండాలో ఉంటుంది, వినాల్సిన మనవరాలు కట్టడం పని జరిగే చోట రేకుల షెడ్డులో ఉంటుంది. ఒకప్పుడు లేని అవసరం మాకు ఈ కాలంలో వచ్చింది.

అచ్చు అక్షరం ఎట్లా పుట్టేదో మన పిల్లలకు ఒకసారి చెప్పి చూడండి, కథలాగా వింటారు. ముందు ఒక ఉక్కు కడ్డీ తీసుకుంటారు. దాని కొసన అక్షరాన్ని తిరగేసి, ఉబ్బెత్తుగా చెక్కుతారు. ఆ ఉక్కును కాల్చి గట్టిపరిచి, మెత్తని రాగి బిళ్ల మీద పెట్టి సుత్తితో కొడతారు. రాగిలో అక్షరం గుంటగా పడుతుంది. ఆ గుంట మీద కరిగిన సీసం పోస్తారు. ఉత్త సీసమైతే మెత్తగా ఉంటుందని తగరం, అంటిమొని కలుపుతారు. చల్లారాక ఒక చిన్న సీసపు ముక్క చేతికి వస్తుంది. అదే అచ్చు అక్షరం. ఒక్క రాగి గుంట నుంచి అట్లాంటివి వేలు పోయవచ్చు.

ఇంగ్లీషుకు పెద్ద బడి, చిన్న బడి, అంకెలు, గుర్తులు కలిపినా ఈ పని తొందరగా అయిపోతుంది. తెలుగుకు అట్లా కాదు. ఒక్క ‘క’కు గుణింతమంతా కావాలి, వత్తులు కావాలి, వత్తు మీద గుడి, కొమ్ము కావాలి. అన్నీ కలిస్తే కొన్ని వందల ముక్కలు. ఒక్కొక్కటి ఒక మనిషి చేత్తో చెక్కాల్సిందే. అంత కష్టం ఎవరు పడ్డారు? పుస్తకాల మీద పేర్లున్న పండితులూ దొరలూ కాదు. లోహం పని తెలిసిన చేతులు పడ్డాయి.

ఆ చేతుల్లో మనకు పేరు తెలిసినవాడు పంచానన్ కర్మకార్. బెంగాలీ కమ్మరి. 1778లో హాల్‌హెడ్ రాసిన బెంగాలీ వ్యాకరణం అచ్చయినప్పుడు, చార్లెస్ విల్కిన్స్‌తో కలిసి బెంగాలీ అక్షరాలు చెక్కినాడు. ఆ తరువాత కలకత్తా దగ్గరి శ్రీరాంపురంలో విలియం కేరీ, విలియం వార్డు వాళ్లు 1800లో ప్రెస్సు పెట్టినప్పుడు అక్కడికి చేరాడు. తన అల్లుడు మనోహర్‌కు పని నేర్పాడు. పంచానన్ పోయాక మనోహర్ ఆ పనిని ముందుకు నడిపాడు. దేశంలోని ఎన్నో భాషలకు, తెలుగుతో సహా, శ్రీరాంపురంలో అక్షరాలు తయారయ్యాయి.

1812 మార్చిలో ఆ ప్రెస్సు తగలబడింది. కాగితం పోయింది, రాతప్రతులు పోయాయి, పోతపోసిన అక్షరాలు కరిగి ముద్దలైపోయాయి. బూడిద తవ్వితే ఉక్కు మీద చెక్కిన మూల అక్షరాలు మాత్రం చెడకుండా దొరికాయి. వాటితో మళ్లీ గుంటలు కొట్టారు, కరిగిన సీసాన్నే మళ్లీ పోశారు. కొన్ని వారాల్లో అచ్చు పని మొదలైంది. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో ఆ ప్రెస్సు నుంచే వచ్చింది. ఒక భాషకు మూలం గట్టిగా చెక్కి పెట్టుకుంటే కాలిన తరువాత కూడా లేస్తుందని ఈ సంగతి చెబుతోంది. మా పాటలకు అట్లాంటి మూలం ఎక్కడుంది అని మేము మమ్మల్ని అడుక్కుంటాం.

శ్రీరాంపురం మనకు దూరం. ఇక మన దగ్గరికి వద్దాం. ఇంగ్లీషు ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి మద్రాసులో ఫోర్టు సెయింట్ జార్జి కాలేజీ ఉండేది. దానికి సొంత ప్రెస్సు ఉండేది. ఏ.డి. క్యాంబెల్ అనే ఉద్యోగి రాసిన తెలుగు వ్యాకరణం 1816లో, నిఘంటువు 1821లో అక్కడ అచ్చయ్యాయి. ఆ క్యాంబెల్ తరువాత బళ్లారి కలెక్టరుగా వచ్చాడు. 1882లో అనంతపురం జిల్లా విడిపోయేదాకా మన ఊళ్లన్నీ బళ్లారి జిల్లాలోవే. కాబట్టి ఆయన 1823లో తన జిల్లా బళ్ల గురించి పైవాళ్లకు పంపిన నివేదిక మన గురించి కూడా.

అందులోని లెక్క ఉపాధ్యాయులందరూ చూడదగింది. జిల్లా జనం 9,27,857. బళ్లు 533. చదివే పిల్లలు 6,641. వెయ్యి మందికి సుమారు ఏడుగురే. ఆడపిల్లలు మొత్తం 60 మంది. బళ్లలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226. మిగతావి సంస్కృతం, మరాఠీ, ఫారసీ, తమిళం బళ్లు. ఇంగ్లీషు బడి ఒకటే. మన గోర్ మాటలో చెప్పే బడి ఆ లెక్కలో ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి కూడా ఆయన రాశాడు. పిల్లలు పద్యాలు తడుముకోకుండా అప్పజెబుతారనీ, అర్థం అడిగితే చిలుకకు తెలిసినంతే తెలుసనీ. కారణం కూడా చూపించాడు. బడిలో చదివేవన్నీ పద్యాలు, ఆ భాష ఇంట్లో మాట్లాడే భాష కాదు. మేము ఇది చదివి చాలాసేపు మాట్లాడలేకపోయాం. రెండు వందల ఏళ్లు దాటింది. ఇప్పుడు మా తాండా బడిలో ఒకటో తరగతి పిల్ల తెలుగు పాఠం మొత్తం చూడకుండా చదువుతుంది. వేలు పెట్టి ఒక మాట చూపించి ఇదేమిటమ్మా అంటే మా ముఖం చూస్తుంది. ఆ పిల్లకు తెలివి తక్కువా? కాదు. ఆనాటి తెలుగు పిల్లకు పద్యాల భాష ఎంత దూరమో, మా పిల్లకు పాఠ్యపుస్తకం భాష అంత దూరం. ఆనాడు తెలుగు పిల్లల కోసం ఆ దూరం తగ్గించాలని అడిగినవాళ్లు కొందరు తరువాత పుట్టారు. మా పిల్లల కోసం ఎవరు అడగాలి?

బళ్లారిలో అచ్చు యంత్రం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. లండన్ మిషన్‌కు చెందిన జాన్ హ్యాండ్స్ 1810లో బళ్లారి చేరాడు. 1820లలో అక్కడ మిషన్ ప్రెస్సు నడవడం మొదలైంది. కన్నడంలో బైబిలు, చిన్న చిన్న మతపుస్తకాలు అచ్చు వేశారు. తెలుగులో మొదటి పత్రికగా చాలామంది చెప్పే ‘సత్యదూత’ 1835లో బళ్లారి క్రైస్తవ సంఘంవారి పేరుతోనే వెలువడింది. బళ్లారి కంబదూరుకు సుమారు వంద కిలోమీటర్లు. అంత దగ్గరగా అచ్చు యంత్రం తిరుగుతున్నా దాని చప్పుడు తాండాకు వినబడలేదు. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకొని ఊరూరూ తిరిగే మన పెద్దలు ఆ ప్రెస్సు ముందు నుంచే పోయి ఉంటారేమో అని మాకు ఊహ. లోపల జరిగే పనితో మాత్రం వాళ్లకు సంబంధం లేదు.

కన్నడం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మా మండలం నుంచి పావగడ వైపు పోతే కాసేపట్లో బోర్డులు కన్నడంలోకి మారతాయి. తెలుగు వచ్చినవాళ్లు కష్టపడకుండానే సగం అక్షరాలు గుర్తుపడతారు. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే. అవి అచ్చుకు ముందే వేరుపడ్డాయి, కానీ చేతిరాతలో ఒకదాని ఛాయ ఇంకొకదానిలో పడుతూనే ఉండేది. అచ్చు అక్షరాలు వేరువేరుగా పోశాక తలకట్టు ఇట్లా ఉంటే తెలుగు, అట్లా ఉంటే కన్నడం అని ఖాయమైపోయింది. చేతిరాత వంగుతుంది, సీసం వంగదు. మొదట అచ్చు వేసినవాడు ఏ రూపం ఎంచుకున్నాడో అదే తరువాతివాళ్లకు సరైన రూపమైపోతుంది. ఈ ఒక్క విషయం మనం బాగా గుర్తుపెట్టుకోవాలి.

వేమన పద్యాల సంగతి కూడా ఇట్లాంటిదే. వేమన సమాధి మన పక్కనే, కదిరి దగ్గరి కటారుపల్లిలో ఉంది. ఆయన పద్యాలు జనం నోళ్లలో, తాటాకుల్లో చెల్లాచెదురుగా ఉండేవి. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్ ఊరూరి నుంచి ప్రతులు తెప్పించి, జీతాలిచ్చి పండితులను పెట్టుకొని, పాఠాలు సరిపోల్చి, 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1839లో ఇంకా ఎక్కువ పద్యాలతో మళ్లీ వేయించాడు. బ్రౌన్ చేసిన మేలు చిన్నది కాదు. పండితులు పక్కన పెట్టిన కవిని ఆయన అచ్చులోకి తెచ్చాడు. అయినా ఏ పద్యం ముందు ఉండాలి, ఏ పాఠం సరైనది, ఏది వేమనది, ఏది కాదు అని తేల్చింది సేకరించినవాడే గాని, ఆ పద్యాలు పాడుకునే కూలివాడు కాదు. పాడేవాళ్లు సేకరించే చోట లేకపోతే సేకరించినవాడి చెవికి పట్టిందే అచ్చవుతుంది. అతడు ఎంత మంచివాడైనా సరే.

బ్రౌన్ దగ్గరే మనకు పనికొచ్చే ఇంకో సంగతి ఉంది. తెలుగులో ‘చ’ను రెండు రకాలుగా పలుకుతాం. చలిలో చ వేరు, చేనులో చ వేరు. ‘జ’ కూడా అంతే. ఈ తేడా చూపించడానికి మామూలు అక్షరాలు చాలవని, బ్రౌన్ తన నిఘంటువులో చ మీద, జ మీద ఒక గుర్తు పెట్టి ౘ, ౙ అని అచ్చు వేయించాడు. ఇప్పుడవి కంప్యూటర్ల అక్షరాల్లో కూడా చేరాయి. నోటిలో ఉన్న ధ్వని అక్షరాల పెట్టెలో లేకపోతే అక్షరాన్నే మార్చుకోవచ్చన్నమాట. మా మాటలోని పలుకులు తెలుగు అక్షరాల్లో సరిగా ఇమడవు అని వెనక్కి తగ్గేవాళ్లకు మేము ఈ రెండు అక్షరాలు రాసి చూపిస్తాం.

ఇంతవరకూ అచ్చు పని దొరల చేతుల్లోనో, మిషన్ల చేతుల్లోనో ఉంది. తెలుగువాళ్లు తమ అచ్చును తాము చేతబట్టినప్పుడు కథ మారింది. 1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులు మద్రాసులో హిందూ భాషా సంజీవని అనే ముద్రాక్షరశాల పెట్టాడు. ఆయన కుటుంబం తరతరాలుగా తెలుగు, సంస్కృత గ్రంథాలు అచ్చు వేసింది. మన అనంతపురంలో పప్పూరు రామాచార్యులు 1926 ఆగస్టులో ‘శ్రీ సాధన’ వారపత్రిక మొదలుపెట్టాడు. కరువు సీమ సంగతులు, స్వాతంత్ర్య పోరాటం సంగతులు ఈ జిల్లా నుంచే రాసి, ఈ జిల్లావాళ్లకే చదివించే పని అది. అచ్చు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల కష్టం కాగితం మీదికి వస్తుంది. ఆ చేతుల్లో తాండా చెయ్యి అప్పటికి లేదు.

అట్లాగని అచ్చులో మేము లేకుండా పోలేదు. ఇంకోరకంగా ఉన్నాం. 1905లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం జిల్లా గెజెటీరు మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయింది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి తెచ్చిన దక్షిణాది కులాలూ తెగల ఏడు సంపుటాలు కూడా అక్కడే అచ్చయ్యాయి. నాలుగో సంపుటంలో లంబాడీల మీద వ్యాసం ఉంది. మా పెళ్లి, మా బట్ట, మా నగ, మా సామెత అన్నీ వాళ్లే రాసుకున్నారు. అందులో పనికివచ్చే సంగతులు ఉన్నాయి, మేము కాదనం. కానీ తాము చెప్పింది ఎట్లా రాశారో చదివి చూసుకునే చదువు ఆ చెప్పినవాళ్లకు లేదు. తప్పుంటే దిద్దే దారి లేదు.

ఆ తరువాత వచ్చిన అచ్చుకాగితం ఇంకా బరువైనది. 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. ఎరుకలవాళ్లతో పాటు సుగాలీ గుంపులు కూడా ఆ జాబితాల్లోకి ఎక్కాయి. జాబితాకెక్కిన మనిషి పేరు రిజిస్టరులో రాసి వేలిముద్రలు తీసుకునేవాళ్లు. పిలిచినప్పుడు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. ఏ నేరమూ చెయ్యకపోయినా పుట్టుకే నేరం. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయ్యేదాకా ఇట్లా నడిచింది. మిగతా తెలుగువాళ్లకు అచ్చు అంటే పెద్దబాలశిక్షో, పత్రికో గుర్తొస్తుంది. మా ముత్తాతలకు అచ్చు అంటే గడులు గీసిన ఆ ఫారం. కాగితం చూస్తే తాండాలో ముసలివాళ్లు ఇప్పటికీ కొంచెం వెనక్కి జరుగుతారు. వాళ్లకు చదువంటే ఇష్టం లేదని ఎవరైనా అంటే ఈ చరిత్ర చెప్పండి.

గడులు గీసిన ఫారాల బాధ ఇంకా పూర్తిగా పోలేదు. ఒకే ఇంటిపేరు ఒక కాగితంలో బుక్యా, ఇంకొకదానిలో బూక్యా, మూడోదానిలో భూక్య అని ఉంటుంది. అన్నదమ్ములకే వేరువేరుగా ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్టులో ఒకటి, కుల ధ్రువీకరణలో ఒకటి ఉండి, ఉద్యోగానికి పోయిన పిల్లవాడు ఆఫీసుల చుట్టూ తిరిగి ప్రమాణపత్రాలు రాయించుకోవాల్సి వస్తుంది. రాసినవాడి చెవికి ఎట్లా వినబడితే అట్లా రాశాడు, అది అచ్చయింది, నిలబడిపోయింది. ఇందాక సీసం వంగదు అన్నాం కదా, అదే ఇది.

మేము టీటీసీ చదివే రోజుల్లో ఒకసారి సేవాలాల్ జయంతికి కరపత్రం వేయించడానికి కల్యాణదుర్గం పోయాం. అప్పటికి చిన్న ఊళ్లలో ట్రెడిల్ ప్రెస్సులు ఇంకా ఆడుతున్నాయి. కంపోజిటరు పెద్దాయన అక్షరాల గళ్ల పెట్టె ముందు నిలబడి, చేతిలో స్టిక్ పట్టుకొని, చూడకుండానే అక్షరాలు ఏరి వరసగా పేరుస్తున్నాడు. ‘సేవాభాయా’ అన్న మాట దగ్గర ఆగి, ఇది ఎట్లా పెట్టాలి నాయనా అన్నాడు. మేము నలుగురం ఉన్నాం. ఒకరు భాయా అన్నారు, ఒకరు బాయా అన్నారు, ఇంకొకరు భాయ అంటే చాలన్నారు. మాలో మాకే వాదన పెరిగింది. ఆయన నవ్వుతూ నిలబడి, మీరు తేల్చుకోండి, నా దగ్గర అన్ని అక్షరాలూ ఉన్నాయి, నేను పెట్టిందే రేపు అందరూ రాస్తారు అన్నాడు. చివరకు ‘భాయా’ అని తేల్చుకున్నాం. మా మాట ఎట్లా రాయాలని మమ్మల్ని అడిగిన మొదటి మనిషి ఆ కంపోజిటరే. అంతకు ముందు ఏ బడిలోనూ, ఏ కార్యాలయంలోనూ ఆ ప్రశ్న మాకు ఎదురుకాలేదు.

లిపి లేని భాషలకు అచ్చు దారి వేసినవాళ్లు మన రాష్ట్రాల్లో లేకపోలేదు. పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తి సవరల భాష సవరల దగ్గరే నేర్చుకొని, సవర పిల్లలకు వాచకాలు రాశాడు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయింది. కులాల సంపుటాలు వేసిన ఆ యంత్రాలే సవర భాషకు కూడా పనికొచ్చాయి. యంత్రం చెడ్డదీ కాదు, మంచిదీ కాదు. 1936లో సవరల్లోనే మంగెయి గొమాంగో తమ భాషకు సొంత లిపి తయారుచేశాడు. ఆదిలాబాదు గుంజాలలో దొరికిన గోండి రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు మొదలైనప్పుడు మన లంబాడీ కూడా అందులో ఉంది, తెలుగు అక్షరాల్లోనే.

ఇటీవలి సంగతులైతే ఇంకా సంతోషం. కేతావత్ సోమ్‌లాల్ భగవద్గీతను బంజారా మాటలో, తెలుగు లిపిలో రాశారు. 2024లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకానికి సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆ పుస్తకం పేరు ‘ఢావ్లో’. మా ఆడబిడ్డ అత్తగారింటికి పోయేటప్పుడు ఏడుస్తూ పాడే పాటను ఆ పేరుతో పిలుస్తాం. ఆ మాట పుస్తకం అట్ట మీద, తెలుగు పుస్తకాల దుకాణంలో ఉంది. దాన్ని చూసి మా తాండాలో ఇంటర్ చదివే ఒక పిల్ల, సార్, ఇది మన మాట కదా అని రెండుసార్లు అడిగింది.

ఇక మనం చేయగలిగింది. ఈ రోజు పంచానన్ లాగా ఉక్కు చెక్కక్కరలేదు. ట్రెడిల్ మిషన్లు పాత ఇనుముకు పోయాయి. కల్యాణదుర్గంలో ఏ డీటీపీ సెంటరుకు పోయినా గంటలో నాలుగు పేజీలు కొట్టి ఇస్తారు. ఫోనులో కూడా రాయవచ్చు. అచ్చుకు అడ్డం వస్తున్నది యంత్రం కాదు, మనం ఇంకా తేల్చుకోని మాటలు. అందుకని తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, తోటి ఉపాధ్యాయులకూ మేము చెప్పేది ఇది.

మొదట ప్రతి తాండాలో ఒక నోటుపుస్తకం పెట్టండి. అవ్వలు, తాతలు వాడే మాటలు వాళ్లు పలికినట్లే రాయండి. వంట మాటలు, ఎద్దుల మాటలు, వాన మాటలు, కుట్టుపని మాటలు ముందు పోతున్నాయి, వాటిని ముందు పట్టుకోండి. రెండోది, ఒక్క తాండా రాసుకుంటే చాలదు. నాలుగైదు తాండాలవాళ్లు తీజ్ పండుగకు కలిసినప్పుడు నోటుపుస్తకాలు పక్కపక్కన పెట్టి, వేరువేరుగా ఉన్నవాటిని చూసి, ఎట్లా రాద్దామో పెద్దలతో మాట్లాడి తేల్చండి. తేలనిచోట రెండు రూపాలూ ఉంచండి. పావగడ వైపు మనవాళ్లు కన్నడ అక్షరాల్లో రాస్తారు, మహారాష్ట్రలో నాగరిలో రాస్తారు. వాళ్లు ఎట్లా రాశారో కూడా చూడండి. మూడోది, పెద్ద నిఘంటువు కోసం కాచుకోవద్దు. ఒక పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలు వస్తాయి. ప్రెస్సువాళ్లు దాన్ని ఒక ఫారం అంటారు. పదహారు పేజీల్లో యాభై మాటలు, రెండు పాటలు, ఒక కథ పడతాయి. ఒకటో తరగతి పిల్లకు అది చాలు. యాడి అన్న మాట మీద వేలు పెట్టినప్పుడు ఆ పిల్ల మన ముఖం చూడదు, పుస్తకంలోకే చూస్తుంది.

నాలుగోది చిన్న పనే గాని మాకు అన్నిటికన్నా ముఖ్యం. తెలుగు అక్షరాలు చెక్కినవాళ్లలో, పేర్చినవాళ్లలో, సీసం పోసినవాళ్లలో మనకు పేర్లు తెలిసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బ్రౌనుకు వేమన పద్యాలు పాడి వినిపించిన మామూలు మనుషుల పేర్లు ముఖపత్రం మీద లేవు. మన పదహారు పేజీల పుస్తకానికి వెనక అట్ట మీద పాట చెప్పిన అవ్వ పేరు, ఆమె తాండా పేరు, రాసుకున్న పిల్ల పేరు, అక్షరాలు కొట్టిన డీటీపీ కుర్రవాడి పేరు, అందరివీ వేయండి. వేసేముందు ఆ అవ్వ దగ్గరికి పోయి, నీ పేరు ఎట్లా రాయాలి యాడీ అని అడగండి.